డాక్టర్ రూమ్‌లో ఏఐ వింటోంది.. మీరు తెలుగులో చెప్పింది ఇంగ్లీష్‌లో కరెక్ట్‌గానే రాసిందా?

"మందులు ఎక్కడ వేసుకుంటున్నాడు సార్!" భర్తను ఆస్పత్రికి తీసుకొచ్చిన భార్య డాక్టర్‌తో ఈ మాట అందనుకోండి. తెలుగు వచ్చిన ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది.. ఆయన మందులు వేసుకోవట్లేదని. మరి వింటున్నది మనిషి కాకపోతే? మాటలన్నీ సరిగ్గానే పట్టుకుని, అర్థం మాత్రం తిరగేసి "రోగి మందులు వాడుతున్నారు" అని ఇంగ్లీష్‌లో రాసేస్తే?

బీపీ మాత్రలు వాడుతున్నా బీపీ తగ్గలేదంటే డాక్టర్ డోస్ పెంచుతారు. అసలు వాడట్లేదంటే ముందు వాడమని చెబుతారు. రెండూ పూర్తిగా వేరు. తేడా అంతా ఆ ఒక్క "ఎక్కడ" అనే మాటలోనే ఉంది.

డాక్టర్, పేషెంట్ మాట్లాడుకుంటుంటే విని, దాన్ని సమ్మరీగా రాసిపెట్టే ఏఐ టూల్స్ ఇప్పుడు ఆస్పత్రుల్లోకి వస్తున్నాయి. వీటినే ఏఐ స్క్రైబ్ అంటున్నారు. అమెరికాలో ఇప్పటికే లక్షల కన్సల్టేషన్లు వీటితో నడిచాయి. మన దగ్గర పెద్ద ఆస్పత్రులు ఆ దారిలోనే ఉన్నాయి. అపోలో హాస్పిటల్స్ జాయింట్ ఎండీ సంగీతా రెడ్డి 2025 మార్చిలో రాయిటర్స్‌తో మాట్లాడుతూ, మెడికల్ డాక్యుమెంటేషన్ లాంటి రొటీన్ పనులను ఏఐకి అప్పగించి డాక్టర్లకు, నర్సులకు రోజుకు 2 నుంచి 3 గంటలు మిగల్చడమే టార్గెట్ అన్నారు. 10 వేలకు పైగా బెడ్లున్న గ్రూప్ అది. అలాంటి చోట రోజుకు 2 గంటలు మిగలడమంటే చిన్న విషయం కాదు.

టెక్ కంపెనీల వైపు చూస్తే, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సీఈవోగా ఉన్న మైక్రోసాఫ్ట్ ఈ పనికోసమే న్యూయాన్స్ అనే వాయిస్ కంపెనీని కొనేసింది. 2021 ఏప్రిల్‌లో ప్రకటించిన ఆ డీల్ విలువ 1,970 కోట్ల డాలర్లు. 2025 మార్చిలో డ్రాగన్ కోపైలట్ పేరుతో డాక్టర్ల కోసం కొత్త ప్రొడక్ట్ తెచ్చింది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

డాక్టర్ టేబుల్ మీద ఫోనో, మైకో ఉంటుంది. మొదట మాటల్ని అక్షరాలుగా మారుస్తుంది. తర్వాత ఏ మాట డాక్టర్‌ది, ఏది పేషెంట్‌ది అని విడదీస్తుంది. ఆ మొత్తం టెక్స్ట్‌ని లాంగ్వేజ్ మోడల్‌కి ఇస్తే, అది పనికొచ్చేదాన్ని ఉంచి, "ఎండలు మండిపోతున్నాయి సార్", "మీ అబ్బాయి ఏం చేస్తున్నాడమ్మా" లాంటివి తీసేసి, ఇంగ్లీష్‌లో నీట్‌గా నోట్ రాస్తుంది. డాక్టర్ చూసి ఓకే చేస్తే అదే మీ మెడికల్ రికార్డ్.

అంటే తప్పు జరగడానికి ఒకటి కాదు, మూడు చోట్లున్నాయి. వినడంలో, ఎవరి మాటో తేల్చడంలో, కుదించడంలో. తెలుగు విషయంలో నాలుగోది కూడా ఉంది.. అనువాదం. పైగా ఇవన్నీ దాటి బయటికొచ్చే నోట్ చూడటానికి ఎప్పుడూ నీట్‌గానే ఉంటుంది. తప్పున్న నోట్ కూడా తప్పులేని నోట్ లాగే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

హైటెక్ సిటీకి ఈ పని కొత్తేం కాదు

డాక్టర్ గొంతుని కాగితం మీద పెట్టే పని హైదరాబాద్‌కి బాగా పాతది. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించిన రోజుల్లో, కోడింగ్ రానివాళ్లకు కూడా ఐటీలోకి దారి చూపించిన పనుల్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఒకటి. అమీర్‌పేటలో దీనికి కోచింగ్ సెంటర్లు వెలిశాయి. డిగ్రీ చదివి, ఇంగ్లీష్ మీద కాస్త పట్టున్నవాళ్లు అందులో చేరారు. అమెరికాలో డాక్టర్ సాయంత్రం డిక్టేట్ చేసిన ఆడియో ఇక్కడికి వచ్చేది. అక్కడ వాళ్లు పడుకుని లేచేసరికి ఇక్కడ టైపింగ్ అయిపోయేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలితో పెడల్ తొక్కుతూ ఆడియోని వెనక్కీ ముందుకీ జరుపుతూ కూర్చునేవాళ్లు.

అప్పటి పనిలో ఒక రూల్ ఉండేది. మాట వినపడకపోతే ఊహించి రాయకూడదు. ఖాళీ వదలాలి. ఆ ఖాళీకి గుర్తు పెట్టి పంపితే పైన ఎడిటర్ మళ్లీ వింటారు. వాళ్లకీ అర్థం కాకపోతే ఆ ఖాళీ అలాగే అమెరికా డాక్టర్ దగ్గరికి వెళ్తుంది. ఆయనే పూరించుకోవాలి. ఎక్కువ ఖాళీలు వదిలితే తిట్లు పడేవి, నిజమే. కానీ ఊహించి రాసి దొరికిపోతే ఉద్యోగానికే ఎసరు. డోస్ దగ్గర అయితే మరీను.

లాంగ్వేజ్ మోడల్‌కి ఆ అలవాటు సొంతంగా లేదు. తర్వాత ఏ మాట వచ్చే ఛాన్స్ ఎక్కువో లెక్కేసి రాయడమే దాని పని. మధ్యలో మాట వినపడకపోతే అక్కడ సరిపోయే మాట ఒకటి పెట్టేస్తుంది. ఖాళీ వదలమని ప్రత్యేకంగా నేర్పాలి, నేర్పినా ప్రతిసారీ వదులుతుందన్న గ్యారెంటీ లేదు.

ఇది ఊహ కాదు. ఓపెన్ఏఐ 2022 సెప్టెంబర్‌లో విడుదల చేసిన విస్పర్ అనే మోడల్ మీద కార్నెల్ సహా అమెరికా యూనివర్సిటీల రీసెర్చర్లు చేసిన స్టడీ 2024లో బయటికొచ్చింది. ఆడియో క్లిప్స్‌లో దాదాపు 1 శాతంలో, ఎవరూ అనని మాటలు, మొత్తం వాక్యాలు కూడా పుట్టుకొచ్చాయి. వాటిలో 38 శాతం హాని చేసే రకం.. హింస, లేని విషయాలు అంటగట్టడం లాంటివి. ఇంకో విషయం ఏంటంటే, మధ్యలో ఎక్కువసేపు ఆగి మాట్లాడేవాళ్ల ఆడియోలో ఈ సమస్య ఎక్కువ కనిపించింది. ఆగి ఆగి మాట్లాడేది ఎవరు? ఆయాసం ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, ముసలివాళ్లు. అంటే డాక్టర్ అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లే.

అదే ఏడాది అక్టోబర్‌లో అసోసియేటెడ్ ప్రెస్ మరో సంగతి బయటపెట్టింది. విస్పర్ ఆధారంగా పనిచేసే నబ్లా కంపెనీ టూల్ అప్పటికే 70 లక్షల కన్సల్టేషన్లలో వాడారు. డేటా సేఫ్టీ కోసం ఒరిజినల్ ఆడియో చెరిపేస్తున్నామని కంపెనీయే చెప్పింది. ప్రైవసీ పరంగా మంచిదే కావచ్చు. కానీ తర్వాత ఎప్పుడైనా "నేను అలా అనలేదు" అని పేషెంట్ అంటే, తేల్చుకోవడానికి సమ్మరీ తప్ప ఏమీ మిగలదు.

ఇంగ్లీష్‌కే ఇలా ఉంటే, తెలుగు సంగతేంటి?

విస్పర్‌కి ట్రైనింగ్ ఇచ్చిన ఆడియో మొత్తం 6,80,000 గంటలు. అందులో ఇంగ్లీష్ కాకుండా మిగిలిన 96 భాషలన్నింటికీ కలిపి 1,17,000 గంటలు. తెలుగు ఆ 96లో ఒకటి. ఈ లోటు పూడ్చడానికి మన గచ్చిబౌలిలోనే ప్రయత్నం జరిగింది. కేంద్రం భాషా టెక్నాలజీ మిషన్‌లో భాగంగా ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ జనం నుంచే తెలుగు మాటలు సేకరించే పని పెట్టుకుంది. టార్గెట్ 2,000 గంటలు. తెలుగుకి అది పెద్ద పనే. కానీ ఆస్పత్రి గదిలో మాట్లాడే తెలుగు వేరే లెవెల్.

మా యాంకర్లు స్టూడియోలో చదివే తెలుగు మెషిన్‌కి ఈజీ. ఏసీ గది, మంచి మైకు, ఒక్క గొంతు. అయినా మన వీడియోలకు ఆటో సబ్‌టైటిల్స్ ఆన్ చేసి చూసేవాళ్లకు అవి ఎన్నిసార్లు నవ్విస్తాయో తెలుసు. ఇక ఓపీ రూమ్‌లో ఫ్యాన్ చప్పుడు, బయట టోకెన్ నంబర్ పిలుపు, పేషెంట్‌తో పాటు కొడుకు, కోడలు, ఒక్కోసారి పక్కింటాయన. అందరూ ఒకేసారి మాట్లాడతారు.

అందులోనూ తెలుగు ఏం చేస్తుందంటే, "కాదు" "లేదు" అనే ముఖ్యమైన ముక్కని వాక్యం చివర్లో, అదీ ఒకటి రెండు అక్షరాల్లో దాచేస్తుంది. "వేసుకుంటున్నా" అంటే వేసుకుంటున్నట్టు. "వేసుకుంటలే" అంటే వేసుకోవట్లేదని. వాక్యం చివరికొచ్చేసరికి గొంతు తగ్గించడం మనకి అలవాటు. ఆ చివరి అక్షరం మైకుకి అందకపోతే మాట అర్థమే మారిపోయింది.

"మోషన్" అనే మాట తీసుకోండి. "మోషన్ అయితలేదు సార్" అంటే మలబద్ధకం. "మోషన్స్ అయితున్నయ్" అంటే విరేచనాలు. రెండింటికీ మందులు ఒకదానికొకటి పూర్తి రివర్స్. "గుండెల్లో మంట" అని మనవాళ్లు అనేది ఎక్కువగా ఎసిడిటీ గురించి. దాన్ని ఛాతీ నొప్పి అని రాస్తే ఈసీజీ, ట్రోపోనిన్ టెస్టుల దాకా వెళ్తుంది. ఇది పర్లేదు, డబ్బులు పోతాయి అంతే. తిరగబడితేనే ప్రమాదం. ఛాతీ పట్టేసినట్టుందని చెప్పే చాలామంది ముందు "గ్యాస్ అనుకుంటా సార్" అని మొదలుపెడతారు. సమ్మరీలో ఆ "గ్యాస్" మొదటి లైన్లో పడితే?

"పానం బాగుంటలేదు", "పెయ్యి నొస్తుంది", "దమ్ము వస్తుంది" - మెదక్ నుంచో, నల్గొండ నుంచో వచ్చినవాళ్లు ఇలాగే చెబుతారు. శ్రీకాకుళం నుంచి వచ్చి మాదాపూర్‌లో బిల్డింగ్ కడుతున్న కూలీ ఇంకోలా చెబుతాడు. పాతబస్తీ నుంచి వచ్చిన ఆటో డ్రైవర్ దక్కనీ ఉర్దూలో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చేస్తాడు. కేబీన్‌లో కూర్చునే టెకీ సగం ఇంగ్లీష్‌లో మాట్లాడి మెషిన్ దగ్గర గట్టెక్కేస్తాడు. అదే కంపెనీ గేటు దగ్గర నిల్చునే సెక్యూరిటీ గార్డ్ ఆ గదిలోకి వెళ్తేనే అసలు పరీక్ష.

ఇక ఎవరి జబ్బు ఎవరికి అంటుకుంటుందో కూడా చూడాలి. "మా నాన్నకి షుగర్ ఉంది సార్, నాకు లేదు" అని కొడుకు అంటాడు. తండ్రి పేషెంట్, కొడుకు అటెండెంట్ అయితే ఒక అర్థం. కొడుకే పేషెంట్ అయితే ఇంకో అర్థం. గదిలో ఉన్న మనిషికి కళ్లెదురుగా కనిపించే విషయం, ఆడియో మాత్రమే వినే మెషిన్‌కి పజిల్.

డాక్టర్ చెక్ చేస్తారు కదా?

కంపెనీలు చెప్పే సమాధానం ఇదే. ఫైనల్‌గా సంతకం డాక్టర్‌దే, తప్పుంటే ఆయన సరిచేస్తారు. మాట వరకు కరెక్టే. కానీ టైమ్ లెక్క చూద్దాం.

కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆస్పత్రులకు డాక్టర్లను అందించే మెడికల్ గ్రూప్ 2023 అక్టోబర్ నుంచి ఈ టూల్స్‌ని పెద్ద ఎత్తున వాడింది. ఏడాదికి పైగా సమయంలో 25 లక్షలకు పైగా కన్సల్టేషన్లు, 7 వేలకు పైగా డాక్టర్లు. డాక్యుమెంటేషన్‌లో మిగిలిన టైమ్ 15,791 గంటలు అని వాళ్లే లెక్కేశారు. హెడ్‌లైన్‌గా అదిరిపోయే నంబర్. భాగిస్తే మాత్రం ఒక్కో కన్సల్టేషన్‌కి 22 సెకన్లు. అలాగని దీన్ని తీసిపారేయక్కర్లేదు. డాక్టర్ కంప్యూటర్ వైపు చూడటం తగ్గిందని అక్కడి పేషెంట్లలో 47 శాతం చెప్పారు. స్క్రీన్ వైపు కాకుండా మన వైపు చూసి మాట్లాడే డాక్టర్ ఎవరికి చేదు?

కానీ ఆ దేశంలో కన్సల్టేషన్ అంటే సుమారు 20 నిమిషాలు. 2017లో బీఎంజే ఓపెన్‌లో వచ్చిన అంతర్జాతీయ పరిశీలన ప్రకారం మన దేశంలో ప్రాథమిక స్థాయి కన్సల్టేషన్ సుమారు 2 నిమిషాలు. ఐటీ కారిడార్‌కి ఆనుకునే ఉన్న కొండాపూర్ ప్రభుత్వ ఆస్పత్రిలో సోమవారం ఉదయం ఓపీ లైన్ చూసినవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. 2 నిమిషాలు చూసే డాక్టర్, ఏఐ రాసిన సమ్మరీని ఇంకో నిమిషం కూర్చుని చదువుతారా? నా అంచనా, మిగిలిన టైమ్‌లో ఇంకో పేషెంట్ లోపలికి వస్తారు. డాక్టర్‌ని తప్పుపట్టడానికి లేదు, బయట లైన్ అలా ఉంటుంది.

అంటే చెక్ చేసే రెండో మనిషి కావాలి. ఆ మనిషి ఆ గదిలోనే ఉన్నారు. తను ఏం చెప్పిందీ అందరికంటే బాగా గుర్తున్న మనిషి.. పేషెంటే. కానీ సమ్మరీ ఇంగ్లీష్‌లో ఉంటుంది, అదీ మెడికల్ ఇంగ్లీష్‌లో. కాబట్టి అసలు అడగాల్సింది ఒకటే. అదే సమ్మరీ తెలుగులో కూడా పేషెంట్ చేతికి రావాలి. గదిలోంచి బయటికి వెళ్లకముందే.

ఇది ఖరీదైన కోరికేం కాదు. పది సెకన్లలో ఇంగ్లీష్ నోట్ రాసే మోడల్‌కి, నాలుగు లైన్ల తెలుగు రాయడం పెద్ద పనా? ప్రింట్ తీసి ఇవ్వచ్చు, వాట్సాప్‌లో పంపచ్చు. చదవడం రానివాళ్లకు వాయిస్‌గా వినిపించచ్చు. తెలుగులో కూడా తప్పు రాస్తే ఎలా అంటారా? రాయనివ్వండి. తెలుగులో "రోగి మందులు రోజూ వాడుతున్నారు" అని కనిపిస్తే, ఆ భార్య అక్కడికక్కడే "అయ్యో, నేను అలా అనలేదు సార్" అంటుంది. తప్పు దొరకడమే కదా మనకి కావాల్సింది.

చిక్కులు లేకపోలేదు. అందరి ముందూ పైకి చదివి వినిపిస్తే మందు తాగే అలవాటు, పాత అబార్షన్, మానసిక సమస్య లాంటివి పక్కన కూర్చున్న అత్తగారికి తెలిసిపోతాయి. కాబట్టి ఎవరికి ఇవ్వాలో పేషెంట్‌నే అడగాలి. ఆస్పత్రులకూ ఒక భయం ఉంటుంది.. ప్రతి లైన్ మీదా వాదన మొదలైతే ఓపీ నడిచేదెలా అని. నాలుగు లైన్లకి కుదిస్తే ఆ వాదన కూడా చిన్నదే అవుతుంది. సమస్య ఏంటి, ఎన్నాళ్ల నుంచి, ఏ మందులు వాడుతున్నారు, ఏవి పడవు. ఇవి చాలు.

ఒక్క తప్పు లైన్ ఎంత దూరం వెళ్తుంది?

ఇన్సూరెన్స్ దాకా వెళ్తుంది. కారిడార్‌లో పనిచేసేవాళ్లలో చాలామంది కంపెనీ పాలసీతో పాటు అమ్మానాన్నలకు విడిగా పాలసీ తీసుకుంటారు. పాలసీకి ముందే ఉన్న జబ్బుల వెయిటింగ్ పీరియడ్‌ని ఐఆర్‌డీఏఐ 2024లో గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించింది. క్లెయిమ్ పెట్టినప్పుడు జబ్బు ఎన్నాళ్ల నుంచి ఉందో చూసేది డాక్టర్ నోట్స్‌లోనే. "మూడు నెలల నుంచి బీపీ" అన్నది "మూడేళ్ల నుంచి" అని పడితే, జబ్బు దాచారని క్లెయిమ్ ఆపేయచ్చు. లక్షల బిల్లు ఇంటి మీద పడుతుంది. అప్పుడు ఆ సమ్మరీ తప్పని నిరూపించాల్సింది మీరే. ఆడియో చెరిపేసి ఉంటే దేంతో నిరూపిస్తారు?

పర్మిషన్ ఎవరిచ్చారు?

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన నిబంధనలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు, అంటే 2027 మే. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీష్‌లో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లో ఉన్న భాషల్లో దేన్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. తెలుగు అందులో ఉంది. అంటే పర్మిషన్ తెలుగులో అడగమని చట్టమే చెబుతోంది. సమ్మరీ మాత్రం తెలుగులో ఇవ్వమని ఎక్కడా లేదు.

పర్మిషన్ విషయంలో మెషిన్ ఏం చేయగలదో అమెరికాలో ఒక కేసు చూపించింది. శాన్ డియాగోలోని షార్ప్ హెల్త్‌కేర్ మీద 2025 నవంబర్‌లో దావా పడింది. తనకి చెప్పకుండానే కన్సల్టేషన్ రికార్డ్ చేశారని, పైగా నోట్‌లో మాత్రం "రోగి రికార్డింగ్‌కి ఒప్పుకున్నారు" అని రాసి ఉందని పేషెంట్ ఆరోపణ. అవి ఇంకా ఆరోపణలే. కానీ ఇవ్వని పర్మిషన్ రికార్డులోకి ఎక్కడం అన్న పాయింట్ గుర్తుపెట్టుకోండి.

కాబట్టి ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు టేబుల్ మీద ఫోన్ ఆన్‌లో ఉంటే, రికార్డ్ అవుతోందా అని అడగండి. వద్దనుకుంటే వద్దని చెప్పండి. ఓకే అనుకుంటే మందుల పేర్లు, ఎన్నాళ్ల నుంచి అన్నది కాస్త గట్టిగా, ఒకటికి రెండుసార్లు చెప్పండి. "ఎక్కడ వేసుకుంటున్నాడు" అని కాకుండా "వేసుకోవట్లేదు" అని నేరుగా చెప్పడం బెటర్. బయటికొచ్చే ముందు సమ్మరీలో ఏం రాశారో తెలుగులో చెప్పమని అడగండి.

పేషెంట్ అడిగితే మెడికల్ రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ ఎథిక్స్ రెగ్యులేషన్స్‌లో ఉంది. అందులో ఆడియో రికార్డింగ్ ప్రస్తావన లేదు. మీ గొంతు ఎన్ని రోజులు ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది ప్రస్తుతానికి ఆ ఆస్పత్రి కౌంటర్‌లోనే అడిగి తెలుసుకోవాలి.